రంగు ఊడిందని భయపడకు, నెక్ చూడు

తమ్ముడూ, కావలి చర్చి బ్యాండ్‌లో వాయిస్తున్నావు, చెన్నైలో ఎవరో ఫెండర్ కంపెనీ ప్రత్యేక వర్క్‌షాప్ (కస్టమ్ షాప్)లో చేసిన జాజ్ బేస్ గిటార్ అమ్ముతున్నారు, చూస్తే రంగు ఊడి, ఇనుము నల్లబడి ఉంది, మోసమేమోనని టెన్షన్ అన్నావు. రంగు కావాలనే అరగదీసి ఉంటారు. దాన్నే రెలిక్ అంటారు. 1990ల నుంచీ ఫెండర్ వాళ్లే కొత్త బేస్‌కి ఇలా పాత వేషం వేసి ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. నాది మొదటిసారి చూసి మా అమ్మ, "ఇంత డబ్బు పోసి పాతది తెచ్చావేందిరా?" అంది!

అసలు సంగతి నెక్‌లో, అంటే తీగల కింద ఉండే పొడవాటి చెక్క మెడలో ఉంటుంది. ఒకే తీగని మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టు. ఏడో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సన్నటి సందు ఉంటే మంచిదే. బాగా ఎక్కువుంటే ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి దాని వంపు సరిచేసే కడ్డీ) తిప్పాలి. పాత పద్ధతి బేస్‌ల్లో దాని నట్టు చాలావరకు బాడీ వైపు ఉంటుంది, నెక్ వదులు చేస్తేగానీ అందదు. అందుకే అది తిరుగుతోందో లేదో అమ్మేవాడి చేతే చేయించి చూడు. సర్టిఫికెట్ మీద సీరియల్ నంబరు, బేస్ మీద నంబరు ఒకటేనా చూడు. తూకం కూడా వెయ్యి. నాలుగున్నర కేజీలు దాటితే ఆరాధన అయ్యేసరికి నీ భుజం పని అయిపోతుంది.

కొన్నాక రబ్బరు స్టాండ్‌కి ఆనించకు, బేస్ మీది నైట్రో లక్క పూత మెత్తబడి మచ్చ పడుతుంది. మన సముద్రపు గాలికి తుప్పు ఎటూ ఆగదు, వాయించాక తీగలు తుడువు.