నమూనాల మీద లోహపు మెరుపు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి అడిగాయి: ప్లాస్టిక్ నమూనా మీద వెండిరంగు వేస్తే అది లోహంలా ఎందుకు కనబడదని. సీమ ఎండకూ దుమ్ముకూ సంబంధించిన చిక్కులు రంగు డబ్బా మీది సూచనల్లో ఉండవు కాబట్టి, కొన్నింటికి కాస్త వివరంగానే రాస్తున్నాం.

"1/72 స్కేల్ (అసలుకు 72వ వంతు) మిగ్-21 ఎఫ్ఎల్ యుద్ధవిమానం కట్టినా. 1971 యుద్ధానికి ముందు మన వాయుసేనలో రంగు లేకుండా ఉత్త లోహంతో ఎగిరిన రకం. ఎయిర్‌బ్రష్‌తో (గాలి ఒత్తిడితో రంగు చల్లే పరికరం) వెండిరంగు కొట్టినాక ముట్టుకుంటే గరుగ్గా ఉంది, దూరం నుంచి ఉత్త బూడిదరంగే అగుపడతాంది. రంగు మంచి కంపెనీదే. తప్పు యాడుంది సార్?" (కర్నూలు నుంచి ఒక పాఠకుడు)

తప్పు రంగులో లేదు. సగం దాని కింద ఉంది, సగం మీరు రంగు కొట్టిన వేళలో ఉంది.

వెండిరంగులో ఉండేవి అల్యూమినియం పొలుసులు. అవి బల్లపరుపుగా పడుకుంటే వెలుగును ఒకే దిక్కుకు తిప్పుతాయి, అప్పుడు కంటికి లోహం కనబడుతుంది. అడ్డదిడ్డంగా పడితే వెలుగు నాలుగు దిక్కులకూ చెదిరిపోయి బూడిదరంగు మిగులుతుంది. కింద నేల ఎంత నునుపుగా ఉంటే పొలుసులు అంత చక్కగా పడుకుంటాయి. అందుకే పనిలో ముప్పాతిక భాగం వెండిరంగు డబ్బా మూత తీయకముందే అయిపోవాలి.

గరుకుకు కారణం ఎండ. కర్నూలులో మే నెల మధ్యాహ్నం ఎయిర్‌బ్రష్ పడితే, తుంపర నమూనాను చేరేలోపే అందులో రంగును పలుచన చేసే థిన్నర్ గాల్లో ఆరిపోతుంది. తడి లేని రంగు పొడిలా వచ్చి అంటుకుంటుంది. తెల్లవారి ఆరు, ఏడు గంటల మధ్య, ఫ్యాన్ ఆపి పని చేయండి. నమూనాకూ ఎయిర్‌బ్రష్‌కూ మధ్య ఐదారు సెంటీమీటర్లకు మించి దూరం వద్దు. లాకర్ రంగు (ఘాటైన ద్రావకంతో త్వరగా ఆరే రకం) అయితే మామూలు థిన్నర్‌కు బదులు మిస్టర్ కలర్ లెవెలింగ్ థిన్నర్ వాడండి. అందులో ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ ముందే కలిసి ఉంటుంది.

ఇక ఇప్పుడున్న పూత తీసేసి మళ్ళీ మొదలుపెట్టే పద్ధతి. అతుకుల దగ్గర పుట్టీ పెట్టి, 1000 నంబరు వాటర్ పేపర్‌తో నీళ్ళలో ముంచి రుద్దండి. తర్వాత 1500, ఆ తర్వాత 2000. ప్రతిసారీ ముందు రుద్దిన దిక్కుకు అడ్డంగా రుద్దితే పాత గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. మామూలు రంగు కింద దాగిపోయే గీత వెండిరంగు కింద దాగదు, ఇంకా ఎత్తి చూపుతుంది. పలుచగా గ్రే ప్రైమర్ కొట్టి, ఆరాక చూస్తే మిగిలిన గీతలు బయటపడతాయి. వాటిని సరిచేసి మెరిసే నలుపు వేయాలి. టమియా కంపెనీ లాకర్ నలుపు ఎల్‌పీ-1 చాలు. రెండు పలుచటి పూతలు, చివరిది తడితడిగా. ఒక రోజంతా మూతపెట్టి ఆరనివ్వండి. ఆరిన నలుపును ట్యూబ్‌లైటు కింద వంచి చూడండి. అందులో కనబడే లైటు అంచు గీసినట్టు ఉంటే సిద్ధమైనట్టే. అంచు అలుక్కుపోయి ఉంటే 2000 పేపర్‌తో తేలిగ్గా రుద్ది మరో పూత వేయాల్సిందే. ఈ పరీక్షలో నెగ్గని నలుపు మీద ఎంత ఖరీదైన వెండిరంగు వేసినా డబ్బు దండగ.

నలుపే ఎందుకంటే, లోహపు పూత చాలా పలుచన. పొలుసుల సందుల్లోంచి దిగిన వెలుగును నలుపు మింగేస్తుంది, మెరుపుకు లోతు వస్తుంది. ఆల్‌క్లాడ్ కంపెనీ లోహపు రంగుల్లో పాలిష్డ్ అల్యూమినియం, క్రోమ్ లాంటి బాగా మెరిసేవాటికి ఈ నలుపు తప్పనిసరి. మామూలు అల్యూమినియానికి గ్రే ప్రైమర్ సరిపోతుంది.

ఆల్‌క్లాడ్‌లో థిన్నర్ కలపకండి, అది సీసాలోంచే ఎయిర్‌బ్రష్‌లోకి పోయేది. టమియా వెండిరంగు ఎల్‌పీ-11 అయితే ఒక వంతు రంగుకు రెండు వంతుల థిన్నర్. గాలి ఒత్తిడి 12 నుంచి 15 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). చెయ్యి ఆపకుండా, ఒక్కోసారి లేతగా పోనివ్వండి. నలుపు కనుమరుగైన క్షణమే ఆపాలి. "ఇంకొక్క పూత" దగ్గరే చాలామంది పని చెడుతుంది. పొలుసుల మీద పొలుసులు పేరుకుంటే మళ్ళీ బూడిదరంగే.

అసలు విమానం ఒంటి మీద రేకులన్నీ ఒకే రంగులో ఉండవు. మిశ్రలోహం మారినా, రేకు సాగదీసిన దిక్కు మారినా మెరుపు మారుతుంది. కొన్ని రేకులను టేపుతో వేరుచేసి, అదే రంగులో రెండు మూడు చుక్కల నలుపు కలిపి కొట్టండి. మొత్తం మీద మూడు ఛాయలు మించొద్దు. అంతకు మించితే విమానం చదరంగం బల్లలా తయారవుతుంది. ముక్కు దగ్గరి రాడార్ శంకువు లోహం కాదు, దానికి వెండిరంగు వేయకండి.

"అదే విమానం వెనక మంట వచ్చే గొట్టానికి నీలం, గోధుమరంగు మచ్చలు ఎట్లా తెప్పించాలి?" (అనంతపురం నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి)

ముందు ఆ రంగులు ఎందుకు వస్తాయో తెలిస్తే వరుస తప్పదు. ఉక్కు వేడెక్కితే పైన ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. పొర మందం పెరిగేకొద్దీ రంగు మారుతుంది: సుమారు 220, 230 డిగ్రీల దగ్గర లేత గడ్డిరంగు, ఆపైన గోధుమ, ఊదా, 300 డిగ్రీల దగ్గర నీలం. కాబట్టి వేడి ఎక్కువున్న చోట నీలం, దూరం జరిగేకొద్దీ ఊదా, గోధుమ, చివర గడ్డిరంగు రావాలి. తలకిందులుగా వేసిన నమూనాలు పోటీల బల్లల మీద కూడా కనబడుతుంటాయి.

గొట్టానికి స్టీల్ ఛాయ వేసి ఒక రోజు ఆరనివ్వండి. టమియా పారదర్శక రంగులు చాలు: ఎక్స్-23 నీలం, ఎక్స్-26 నారింజ, ఎక్స్-19 స్మోక్. ఒక్కో దానికి నాలుగు వంతుల థిన్నర్ కలిపి, పది పీఎస్ఐ దగ్గర, మొదట నారింజ వెడల్పుగా, దానిమీద స్మోక్ ఇరుగ్గా, చివర నీలం సన్నగా. ఊదా కోసం వేరే సీసా అక్కర్లేదు, నీలం నారింజ అంచు మీద పడ్డచోట తనంతట అదే వస్తుంది. దూరం నుంచి చూస్తే ఉందా లేదా అన్నంత లేతగా ఉండాలి.

"నేను రైల్వేలో చేస్తా. 1/87 డబ్ల్యూపీ ఆవిరి ఇంజన్ తయారుచేస్తున్నా. చక్రాలను కలిపే రాడ్లకు, ముక్కు మీది నక్షత్రానికి లోహపు రంగు కావాల. ఎయిర్‌బ్రష్ లేదు, బ్రష్షుతోనే ఏమన్నా దారి ఉందా?" (గుంతకల్లు)

ఉంది. రాడ్లకైతే బ్రష్షు కూడా అక్కర్లేదు, 6బి పెన్సిల్ చాలు.

రాడ్లు ఉక్కువి, వాటికి వెండిరంగు వేస్తే బొమ్మ రైలు అవుతుంది. ముందు మెరుపు లేని నలుపు వేయండి. మెరిసే నలుపు ఇక్కడ పనికిరాదు, గ్రాఫైట్‌కు పట్టు దొరకదు. ఆరాక 6బి పెన్సిల్ ములికిని 400 నంబరు పేపర్ మీద రుద్ది పొడి తీయండి. ఇయర్‌బడ్‌తో రాడ్ల మీద అద్ది, పొడుగునా రుద్దండి. నలుపులోంచి ఉక్కు ఛాయ పైకి తేలుతుంది. రాడ్డు మధ్యలోని గాడిని నల్లగానే వదిలేయండి, అసలు ఇంజన్‌లోనూ అక్కడ నూనె, మసి పేరుకుంటాయి. అంచుల మీద మాత్రం పెన్సిల్‌ను నేరుగా ఒకసారి గీయండి. పైన వార్నిష్ వద్దు, గ్రాఫైట్ మెరుపును అది చంపేస్తుంది.

మీ ఇంజన్ మోటారుతో నడిచేదైతే ఒక జాగ్రత్త. గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది. చక్రానికీ ఇరుసుకూ మధ్య ఉండే ఇన్సులేషన్ మీద పొడి చేరకుండా చూసుకోండి, పని అయ్యాక మెత్తటి బ్రష్షుతో దులపండి.

నక్షత్రానికి వల్లెహో కంపెనీ మెటల్ కలర్ రంగు బ్రష్షుకు బాగానే లొంగుతుంది. చదునైన మెత్తటి బ్రష్షు, రెండు పలుచటి పూతలు, రెండూ ఒకే దిక్కుకు. ఆరుతున్న చోటికి మళ్ళీ బ్రష్షు తీసుకుపోతే పొలుసులు లేచి చారలు పడతాయి. సీసా అడుగున పొలుసులు నిమిషాల్లోనే దిగిపోతాయి కాబట్టి ముంచే ముందు ప్రతిసారీ కలపాలి. ఇంకా పదునైన అంచు కావాలంటే నక్షత్రాన్ని రేకు కాగితంలోంచే కత్తిరించి అంటించండి. కింద ప్రొద్దుటూరు పాఠకుడికి ఇచ్చిన జవాబు చూడండి.

"1/24 కారుకు డూకో (కార్ల రంగుల) షాపులో కలిపించిన సిల్వర్ కొట్టాను. కొన్నిచోట్ల ప్లాస్టిక్ సన్నగా పగుళ్ళిచ్చింది. బాగున్న చోట కూడా మెరుపు రవ్వలు రవ్వలుగా కనిపిస్తోంది. అసలు కారు రంగే కదా, ఎందుకిట్లా?" (పెనుకొండ)

అసలు కారు రంగు కావడమే కారణం. కారు రంగులో పొలుసు 20 మైక్రాన్లు ఉందనుకుందాం. 1/24 నమూనా మీద అది 24 రెట్లు, అంటే దాదాపు అర మిల్లీమీటరు పొలుసుతో సమానం. నిజమైన కారు మీద అంత పెద్ద పొలుసులుంటే ఎలా ఉంటుందో మీకు కనబడుతున్నది అదే. షాపులో సిల్వర్ టోనర్లు సన్నవీ లావువీ వేరువేరుగా ఉంటాయి. "అన్నిటికన్నా ఫైన్ సిల్వర్" అని అడిగి, దానితోనే కలిపించండి. 1/43 కన్నా చిన్న నమూనాలకు మాత్రం అదీ వద్దు, నమూనాల కోసం చేసిన రంగులే వాడండి.

పగుళ్ళకు కారణం డూకో రంగులో కలిపే ఎన్‌సీ థిన్నర్. అందులోని ద్రావకాలు నమూనా ప్లాస్టిక్ అయిన పాలిస్టైరిన్‌ను కరిగిస్తాయి. వాడక తప్పదంటే ముందు ప్రైమర్ గోడ కట్టుకోవాలి: మూడు పూతలు, ఒక రోజు విరామం. ఆపైన డూకో రంగును తడి చేయకుండా మంచులా చల్లి, పూతకూ పూతకూ మధ్య పది నిమిషాలు ఆగండి. ముందుగా ఒక ప్లాస్టిక్ చెంచా మీద అదే వరుసలో అన్నీ వేసి చూడండి.

తడి పూతలో పొలుసులు ఈది ఒకచోట చేరితే మబ్బుల్లా మచ్చలు పడతాయి. చివరి పూతను 15 సెంటీమీటర్ల దూరం నుంచి లేతగా చల్లితే అవి సర్దుకుంటాయి. కారుకు క్లియర్ (పైన వేసే పారదర్శక పూత) తప్పనిసరి, నిజమైన కారుకూ ఉంటుంది కాబట్టి. టమియా టీఎస్-13 చాలు, మొదటి పూత తుంపరలా పడాలి. హార్డెనర్ కలిపే రెండు భాగాల క్లియర్‌ను ఇంట్లో కొట్టకండి. దాని ఆవిరిలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు ప్రమాదం, ముక్కుకు గుడ్డ కట్టుకుంటే ఆగేవి కావు. మామూలు లాకర్ రంగులకు కూడా ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు వేసుకోండి, పక్కన దీపం, పొయ్యి లేకుండా చూసుకోండి.

"మా ఊళ్ళో బంగారు, వెండి పనికి కొదవ లేదు. మిఠాయిల మీద వేసే వెండిరేకు విమానానికి అంటించొచ్చా? పోనీ వంటింటి అల్యూమినియం ఫాయిల్?" (ప్రొద్దుటూరు)

వెండిరేకు వద్దు. ఊపిరి తగిలితే చినిగేంత పలుచన, పైగా గాలిలోని గంధకంతో నల్లబడుతుంది. వంటింటి ఫాయిల్ మాత్రం చాలా మంచి సరుకు, ఏ రంగూ ఇవ్వని మెరుపు ఇస్తుంది, ఎందుకంటే అది లోహమే. రోల్స్‌లో అన్నిటికన్నా పలుచటిది ఎంచుకోండి. వెనకవైపు మైక్రోస్కేల్ కంపెనీ ఫాయిల్ జిగురు పలుచగా పూసి, తెల్లటి ద్రవం పారదర్శకం అయ్యేదాకా ఆగండి. నమూనా మీద గీసి ఉన్న రేకుల ప్రకారం చిన్న ముక్కలుగా, ఒక్కో రేకుకు ఒక్కో ముక్క అంటించాలి. మధ్య నుంచి అంచులకు ఇయర్‌బడ్‌తో రుద్దండి, గీతల్లోకి టూత్‌పిక్ మొనతో దించండి, కొత్త బ్లేడుతో అంచు కోయండి. పాత బ్లేడు ఫాయిల్‌ను కోయదు, చింపుతుంది. అన్ని వైపులా వంపు తిరిగిన చోట్ల, అంటే రెక్కల మొనలూ ముక్కూ దగ్గర, ముడతలు తప్పవు. అక్కడ ముక్కలు ఇంకా చిన్నవి చేయాలి, లేదా రంగుకు వెళ్ళాలి. పక్కపక్క ముక్కల్లో ఫాయిల్ మీది సన్నటి గీతలు వేర్వేరు దిక్కులకు వచ్చేలా అంటిస్తే, రేకురేకుకూ ఛాయ మారుతుంది.

"చుట్టూ రాళ్ళ పాలిష్ యూనిట్లే. మెరిసే నలుపు మీద ఎప్పుడూ దుమ్ము పడతాది." (బేతంచెర్ల)

నమూనాను సబ్బునీళ్ళతో కడిగి తడిగానే ఆరనివ్వండి. పొడిగుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్‌కు స్థిర విద్యుత్తు పట్టి దుమ్మును తనే లాక్కుంటుంది. రంగు కొట్టే గదిలో నేల మీద నీళ్ళు చల్లి అరగంట ఆగండి. పూత అవగానే మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. అయినా నలుసు పడితే తడిలో వేలు పెట్టొద్దు. ఆరాక 2000 పేపర్‌తో రుద్దితే పోతుంది. వాన రోజున లాకర్ వేస్తే గాలిలోని తేమ చేరి పూత పాలిపోతుంది, ఆ రోజు పని మానుకోవడమే మేలు.

"అన్నా, టేపు తీస్తే వెండిరంగు దానితోపాటే వచ్చేసింది. డెకాల్స్ (నీళ్ళలో నానబెట్టి అంటించే గుర్తుల బొమ్మలు) అంటించి వార్నిష్ వేస్తే మెరుపు పోయింది. రెండిటికీ మందు చెప్పు." (కడప నుంచి ఒక స్కూలు విద్యార్థి)

తమ్ముడూ, టేపును ముందు నీ అరచేతికి రెండుసార్లు అంటించి తీస్తే జిగురు తగ్గుతుంది. రంగు వేసి ఒక రోజు కాకుండా టేపు పెట్టకు. తీసేటప్పుడు పైకి లాగకుండా, వెనక్కి మడిచి దాని మీదుగానే నెమ్మదిగా తీయి. అయినా లేచొస్తుంటే కింద ప్లాస్టిక్ మీద అచ్చు నూనె (అచ్చులోంచి భాగాలు సులువుగా ఊడిరావడానికి పూసేది) మిగిలి ఉంది, మొదట్లోనే కడగాల్సింది.

వార్నిష్‌లోని ద్రావకం పైన పడుకున్న పొలుసులను కదిలించేస్తుంది, అందుకే మెరుపు పోతుంది. నునుపైన లోహపు పూత మీద డెకాల్‌కు వార్నిష్ అవసరం తక్కువ. డెకాల్ చుట్టూ ఉన్న పారదర్శక అంచును బొమ్మ దాకా కత్తిరించి, డెకాల్ బాగా అంటుకునేలా చేసే మైక్రో సెట్ ద్రవం పూసిన చోట పెట్టి, కింద నీళ్ళు, గాలి లేకుండా మధ్యనుంచి ఒత్తు. కావాలంటే డెకాల్ మీదికి మాత్రం నీళ్ళలో కలిసే, మెరిసే రకం వార్నిష్ బ్రష్షుతో అద్దు.

"మోలోటో లిక్విడ్ క్రోమ్ పెన్నుతో కారు బంపర్లు అద్దంలా వచ్చాయి. మర్నాడు పట్టుకుంటే వేలిముద్ర పడి మసకబారింది." (తాడిపత్రి)

ఆ సిరా ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, లోపల రోజుల తరబడి మెత్తగానే ఉంటుంది. బంపర్లను అచ్చు కాడ (కిట్‌లో భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) మీదే ఉంచి రంగు వేయండి, వారం పాటు మూతకింద పెట్టండి, ఆ తర్వాత కూడా కాడ పట్టుకునే కారుకు అంటించి చివర్లో కాడ కోయండి. దాని మీద ద్రావకమున్న క్లియర్ వేస్తే క్రోమ్ కాస్తా మామూలు వెండిరంగు అవుతుంది, ఏమీ వేయకుండా వదిలేయండి.