జైలు నుంచి వచ్చిన తమ్ముణ్ణి సంఘంలో చేర్చుకుంటారా?

మీ తమ్ముడు దొంగతనం కేసులో శిక్ష పూర్తిచేసుకుని వస్తున్నాడు, చర్చిలో చేర్చుకుంటారా, పెద్దలకు ముందే చెప్పాలా అని అడిగారు. చేర్చుకుంటారండీ. అసలు చిక్కు ఆ తర్వాతే.

మాది చీరాల దగ్గర. మా సంఘంలోకి ఇలాగే ఒకాయన వచ్చాడు. బాప్తిస్మం కాగానే మైకు చేతికిచ్చి సాక్ష్యం, అంటే తను ఎలా ఉండేవాడో ఎలా మారాడో, చెప్పించారు. ‘స్తోత్రం, స్తోత్రం’ అని ఒకటే చప్పట్లు. ఉజ్జీవ సభలు పెట్టినప్పుడల్లా మళ్లీ ఆయనే, మళ్లీ అదే పాత దొంగతనాల కథ. అదే మనిషి కానుకల సంచి పడతానంటే పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అద్దెకు ఇల్లడిగితే, ముందు వరుసలో కూర్చుని ఆమెన్ అన్నవాళ్లే ‘పోర్షన్ ఖాళీ లేదు’ అనేశారు. చివరికి ఒక రిటైర్డ్ టీచరమ్మ వేరే ఓనరు దగ్గరికి తనే వెళ్లి, ‘అద్దె రాకపోతే నన్నడగండి’ అంది. అప్పుడు దొరికింది ఇల్లు.

బైబిల్లో పౌలు చేసిందీ అదే. దాసుడైన ఒనేసిమును అతని యజమాని ఫిలేమోను దగ్గరికి తిప్పి పంపుతూ, ఉత్తరంలో, నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో రాసుకో అన్నాడు. ఆ ఉత్తరం, ఫిలేమోను పత్రిక, మీద ప్రసంగం మా దగ్గర ఎప్పుడో గానీ వినపడదు!

మా పక్కనే ఉన్న స్టువర్టుపురాన్నే చూడండి. కొన్ని కులాలవాళ్లను పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసిన బ్రిటిష్‌వాళ్ల నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకలవాళ్లను తెచ్చిపెట్టి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించిన సెటిల్‌మెంట్ అది. ప్రార్థనా ఉండేది, పోలీసు నిఘా కూడా ఉండేది. చట్టం 1952 నాటికి దేశమంతటా పోయింది, ఊరిపేరు మీద పడ్డ మచ్చ మాత్రం పోలేదు. 1970ల్లో అక్కడ నేరాలు మానేసినవాళ్లకు అండగా నిలబడ్డవాళ్లు నాస్తికులు, లవణం, హేమలతా లవణం దంపతులు. మా క్రైస్తవులకు ఇది కాస్త చురుక్కుమనే సంగతే.

ఇక మీ విషయం. పాస్టరుగారికీ, నోరు జారని ఒక పెద్దకీ మీరే ముందుగా చెప్పండి. బయట ఎవరి ద్వారానో తెలిస్తే అనుమానం పెరుగుతుంది. సాక్ష్యం చెప్పమని వెంటపడితే ఇప్పుడే వద్దనండి. డబ్బు వ్యవహారాలు వెంటనే అప్పగించకపోతే ఉడుక్కోవద్దని తమ్ముడికీ చెప్పండి, ఆ జాగ్రత్తలో తప్పులేదు. (పిల్లల మీద నేరం చేసినవాళ్లయితే నేనే సండే స్కూలు ఛాయలకు రానివ్వను. క్షమాపణ వేరు, కాపలా వేరు.)

అన్నిటికన్నా ముందు, తమ్ముడి తరఫున ఇంటి ఓనరుతోనో షాపు యజమానితోనో మాట్లాడి పూచీ పడే మనిషిని సంఘంలో వెతకండి. పాస్టరే అయ్యుండక్కర్లేదు. మా టీచరమ్మకు కమిటీలో ఏ పదవీ లేదు.