ఓటీపీ మీ అన్న ఫోన్‌కు ఎందుకు పోతోంది?

ఆదోని దగ్గరి ఒక పల్లె నుంచి ఒకామె రాశారు. భర్త 22 ఏళ్లు మిలిటరీలో చేసి, హవల్దార్‌గా పెన్షన్ మీద ఇంటికొచ్చి రెండేళ్లవుతోంది. రాత్రుళ్లు నిద్ర లేదు, పక్క చేనులో బోరు మోటారు ఉన్నట్టుండి మోగినా ఉలిక్కిపడతాడు, మే నెల ఎండల్లో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కా విప్పడు. ముంజేతుల మీద తనకు తాను చేసుకున్న గాయాలున్నాయని ఆమెకు ఈమధ్యే తెలిసింది. "నేను పోయినా మీకు పెన్షన్ ఆగదులే" అని రెండుసార్లు అన్నాడట. ఇంతా రాసి ఆమె అడిగింది ఏమంటే, పెద్దమ్మాయికి గుంతకల్లు సంబంధం కుదిరేలా ఉంది, ఇప్పుడు పిచ్చి డాక్టర్ దగ్గరికి పోతే ఆ సంబంధం తప్పిపోతుందని మా అన్న అంటున్నాడు, పెళ్లయ్యేదాకా ఆగొచ్చా అని.

ఆగకూడదమ్మా. తండ్రికి వైద్యం చేయించారని వెనక్కి పోయేవాళ్లయితే పోనివ్వండి, రేపు మీ అమ్మాయికి ఏదన్నా జబ్బు చేసినా వాళ్లు అదే చేస్తారు. ఈ ప్రశ్నకు ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

ముందు తుపాకీ సంగతి. క్యాష్ వ్యాన్ మీద గన్‌మ్యాన్ ఉద్యోగానికని లైసెన్స్ తీసుకున్నాడు, ఉద్యోగం నాలుగు నెలలకే మానేశాడు, తుపాకీ బీరువాలోనే ఉంది అని రాశారు, అదీ ఏదో సామాను గురించి చెప్పినట్టు! ఎన్నికలప్పుడు మన వైపు లైసెన్స్ తుపాకులన్నీ స్టేషన్‌లో డిపాజిట్ చేస్తారు కదా, అలాగే ఇది కూడా ఈ రోజే స్టేషన్‌కు పోవాలి. మీరు ముట్టుకోవద్దు. మీ ఆయన గౌరవించే తోటి మాజీ సైనికుడెవరన్నా ఉంటే ఆ మనిషిని తోడుగా పిలిచి, మీ ఆయన చేతనే అప్పగింపించండి. ససేమిరా అంటే మీరే వెళ్లి ఎస్సైకి ఉన్నదున్నట్టు చెప్పండి. పత్తికి కొట్టే మందు డబ్బాలు కూడా ఇంట్లో ఉండకూడదు.

ఇక నాకు అసలు విషయం కనిపించింది మీ ఉత్తరం చివర్లో. "డబ్బుకు ఇబ్బంది లేదు, స్పర్శ్‌లో మా అన్న నంబరే ఇచ్చాం, ఓటీపీ ఆయన ఫోన్‌కే వస్తుంది, ఏటీఎం కార్డు కూడా ఆయన దగ్గరే ఉంటుంది" అని రాశారు. (స్పర్శ్ అంటే మిలిటరీ పెన్షన్లు నడిపే ఆన్‌లైన్ వ్యవస్థ.) చదివి చాలాసేపు అక్కడే ఆగిపోయాను. మీ ఆయన పెన్షన్‌కు మీ అన్న ఫోన్ మోగుతుందా? మీ ఆయన బండిలో పెట్రోలుకు డబ్బులెవరిని అడుగుతున్నాడు?

మీ అన్న చెడ్డవాడని నేను అనడం లేదు. ఏడాదికి రెండు నెలల సెలవులో తప్ప మొగుడు కనపడని ఇంటికి ఫీజులు కట్టి, బోరు వేయించి, పత్తి అమ్మిపెట్టి అండగా నిలబడ్డాడు, ఆ రుణం తీరేది కాదు. కానీ మీ ఆయన వచ్చేశాడు కదమ్మా. సెలవుకు వచ్చినప్పుడు కోడికూర వండి పెట్టిన ఇల్లే, ఆయన ఉండిపోయేసరికి ఏం చేయించుకోవాలో తెలియక ఒక మూల కూర్చోబెట్టింది. పదిమందిని వెంటేసుకుని గస్తీ తిరిగినవాడు, ప్రతి తూటాకూ లెక్క చెప్పినవాడు, ఇప్పుడు బావ ముందు చెయ్యి చాపుతున్నాడు. గుంతకల్లు సంబంధం కూడా మీ అన్నే తెచ్చాడన్నారు, పిల్లవాణ్ని మీ ఆయన ఒక్కసారన్నా చూశాడా? ఉత్తరంలో ఎంత వెతికినా ఆ ముక్క కనపడలేదు. (మిలిటరీ క్యాంటీన్ మందు బాటిళ్ల కోసం మాత్రం ఊరంతా ఆయన చుట్టూ తిరుగుతున్నారట, అది మన ఊళ్లలో మామూలే. ఆ కోటా కూడా కొన్నాళ్లు ఇంటికి రానివ్వకండి, ఇలాంటి మనసుతో ఉన్నవాడికి తాగుడు మరీ ప్రమాదం.)

దీనివల్లే జబ్బు వచ్చిందని కాదు. కశ్మీరులోని కుప్వారాలో తన పక్కనున్నవాడు పోయాడని తాగినప్పుడు ఒకసారి చెప్పి మళ్లీ ఎత్తలేదన్నారు. ఆ ఉలికిపాటు, నిద్ర లేకపోవడం చూస్తే పీటీఎస్‌డీ (ఘోరమైనవి చూశాక మనసుకు తగిలే దెబ్బ) కావచ్చు, డిప్రెషన్ కావచ్చు, రెండూ కావచ్చు, అది డాక్టర్ చూసి చెప్పాలి. మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది, చాలామందికి నయమవుతోంది. అయితే "ఈ ఇంట్లో నాకు పనేమీ లేదు, నేను పోతేనే వీళ్లకు సుఖం" అని ఆయన వేసుకున్న లెక్క ఉంది చూడండి, దాన్ని మందుబిళ్ల ఒక్కటే చెరిపెయ్యలేదు. అందులో మీ పని కూడా ఉంది. ఈ వారమే ఆయన్ను బ్యాంకుకు తీసుకెళ్లండి, అక్కడా స్పర్శ్‌లోనూ నంబర్ మార్పించండి, కార్డు ఆయన చేతికివ్వండి. "మా అన్నకు కోపం వస్తే నేను సర్దిచెబుతాలే" అని మీ ఆయన ముందే అనండి, ఆ మాట ఆయన చెవిన పడాలి.

ఆ పెన్షన్ మాట మళ్లీ అంటే "అట్లాంటి మాటలనకూడదు" అని నోరు మూయించకండి. పక్కన కూర్చుని, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్ల భయం, అలా పుట్టదు. అవునంటే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు, నేరుగా కర్నూలు పెద్దాసుపత్రికి పొండి, మానసిక వైద్య విభాగం అక్కడే ఉంది. అర్ధరాత్రయినా 14416కు ఫోన్ చెయ్యొచ్చు, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ లైను, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు పడదు.

మాజీ సైనికులకు 2003లో మొదలైన వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కార్డు ఉంటే మనసుకు సంబంధించిన వైద్యం కూడా అందులోనే దొరుకుతుంది. కార్డు చేయించుకోలేదంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో దారి చెబుతారు. వైద్యం చేయించుకున్నందుకు పెన్షన్ ఆగదు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం డాక్టర్ ఆ వివరాలు ఊళ్లోవాళ్లకు చెప్పకూడదు, గాయాలు చేసుకున్నాడని పోలీసు కేసు అవుతుందన్న భయమూ అక్కర్లేదు. డాక్టరంటే రానంటాడేమో, నిద్ర పట్టడం లేదు కదా, దానికోసం పోదాం అనండి, అది అబద్ధం కూడా కాదు.

గుంతకల్లు వాళ్లకు ఏం చెప్పాలన్నది మీ ఆయనా, మీరూ, పెళ్లిచేసుకోబోయే మీ అమ్మాయీ కూర్చుని తేల్చుకోండి. తుపాకీ స్టేషన్‌కు చేరాక నాకు మళ్లీ రాయండి.