భవానీ ద్వీపం దారిలో బోటు ఇసుకకు తగులుతోందన్న ప్రశ్నకు సమాధానం

విజయవాడ దగ్గర కృష్ణా నదిలోని భవానీ ద్వీపానికి వెళ్లే బోటు దారిలో, నిరుడు తవ్వించిన చోటే ఈ ఏడాది మళ్లీ ఇసుక మేట వేసిందని మీరన్నారు. తవ్వినవారిని తప్పుపట్టే ముందు నది తీరు చూడండి. ప్రకాశం బ్యారేజీ వెనుక నీరు నెమ్మదిస్తుంది. వేగం తగ్గిన చోట ప్రవాహం మోసుకొచ్చిన ఇసుక, ఒండ్రు కిందికి దిగుతాయి. ద్వీపం దిగువ కొసన, వంపు లోపలి ఒడ్డున ఇది మరీ ఎక్కువ. అక్కడ గొయ్యి తీస్తే ఒక్క వరదకే పూడిపోతుంది.

అందుకని ముందు లోతులు కొలవండి. గుర్తులు వేసిన గడకర్ర చాలు. దారి పొడవునా యాభై అడుగులకు ఒకసారి దించి రాసుకోండి. ఆ రోజు బ్యారేజీ నీటిమట్టం పక్కనే తప్పక రాయాలి. బ్యారేజీ నిండినప్పటి పూర్తి మట్టం 57.05 అడుగులు. నీరు రెండడుగులు తగ్గితే మీ దారిలో లోతూ అంతే తగ్గుతుంది. చాలామంది ఇదే మరిచి, మేట పెరిగిందనుకుంటారు.

ఆ కొలతలతో గీసిన లోతుల పటం చేతికొచ్చాక వంపు వెలుపలి వైపు సహజంగా లోతున్న దారి కనిపిస్తే బోటును అటు మళ్లించి, దారి చూపే తేలే గుర్తులు (బోయాలు) కట్టండి. తవ్వకం తప్పనిసరైతే జలవనరుల శాఖ అనుమతితో, ప్రవాహం వెంబడి, వరదలు తగ్గాక చేయించండి. తీసిన ఇసుకను ఒడ్డు అంచున మాత్రం పోయనివ్వకండి, తొలి వానకే తిరిగి నదిలోకి జారుతుంది. నేను ఎక్కువగా చూసిన పొరపాటు ఇదే.

కొలతలు ఇక్కడ పెట్టండి, దారి ఎటు మళ్లించాలో కలిసి చూద్దాం.