అనుమానించే అమ్మాయికి తగిన ఉద్యోగం

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది ఎంపీసీ చదువుతోంది. సైబర్ సెక్యూరిటీలోకి వెళ్తానంటోంది. మా ఆడపడుచు మాత్రం ‘దొంగల్ని పట్టే పని ఆడపిల్లకెందుకు, పైగా రాత్రి డ్యూటీలట’ అంటున్నారు. మొన్న కరెంటు బిల్లు కట్టలేదంటూ మెసేజీతో వచ్చిన ఏపీకే ఫైలును (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) మావారు తెరవబోతే, ‘కరెంటాఫీసు వాళ్లు మామూలు ఫోన్ నంబరు నుంచి ఎందుకు పంపుతారు నాన్నా’ అని ఆపింది కూడా ఆ పిల్లే. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ అమ్మాయి ఆ రోజు అడిగిన ప్రశ్నే ఈ ఉద్యోగంలో రోజూ అడగవలసిన ప్రశ్న. ఈ రంగంలో కొత్తగా చేరినవారిని ఎక్కువగా భద్రతా పర్యవేక్షణ కేంద్రంలో కూర్చోబెడతారు. విజయవాడలో పనిచేసే ఒక గుమాస్తా ఖాతా రాత్రి 2.10కి ఇక్కడి నుంచి, 2.25కి మరో దేశం నుంచి తెరుచుకున్నట్లు లాగ్‌లో (కంప్యూటర్ రాసుకునే చిట్టాలో) కనబడితే, ఒకే మనిషి పావుగంటలో రెండుచోట్ల ఎలా ఉన్నాడని ఆగి, అతను వీపీఎన్ (మనం వేరే చోట ఉన్నట్లు చూపగల సాధనం) వాడాడా లేక పాస్‌వర్డ్ పరుల చేతికి పోయిందా అన్నది తేల్చాలి. ఇందులో లాఠీ పని ఏమీ లేదు.

రాత్రి డ్యూటీల సంగతి మాత్రం నిజమే, దాచడం మంచిది కాదు. పర్యవేక్షణ కేంద్రాలు 24 గంటలూ నడుస్తాయి కాబట్టి, చేరేముందే షిఫ్టుల గురించీ, ఇంటికి దింపే వాహనం గురించీ అడగాలి. కోడ్‌లో లోపాలు వెతకడం, ఆడిట్, డిజిటల్ ఫోరెన్సిక్స్ (కంప్యూటర్లు, ఫోన్లలో నేరం ఆధారాలు వెలికితీయడం) వంటి పనులు చాలావరకు పగటివేళే సాగుతాయి. మీ ఆడపడుచుగారికి ఇంకో మాట కూడా చెప్పవచ్చు: రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ రహస్య సంకేతాలను ఛేదించిన బ్రిటన్‌లోని బ్లెచ్లీ పార్క్ సిబ్బందిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది స్త్రీలే.

ఈఏపీసెట్ తరువాత ‘సైబర్ సెక్యూరిటీ’ అన్న పేరున్న బ్రాంచి కోసమే పట్టుబట్టవద్దు. మామూలు సీఎస్‌ఈలో నెట్‌వర్క్‌లు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు శ్రద్ధగా చదివి, లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చేతికి అలవాటు చేసుకుంటే చాలు. నలభై అయిదు రోజుల్లో హ్యాకర్‌ను చేస్తామనే బోర్డులను చూసి ఫీజు కట్టకండి. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నడిపే పికోసీటీఎఫ్ అనే ఆన్‌లైన్ సైబర్ సెక్యూరిటీ పోటీలో పజిళ్లు ఉచితం, ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్ మీదే సాధించవచ్చు. ఆ ల్యాప్‌టాప్ పాడైతే విప్పి చూడమని అబ్బాయికిచ్చి, అమ్మాయిని మాత్రం ముట్టుకోవద్దనే అలవాటు మన ఇళ్లలో ఉంది. మీ ఇంట్లో ఆ ఒక్కటీ లేకుండా చూడండి.

ఒక హెచ్చరిక తప్పదు. సరదాకైనా పక్కింటివారి వైఫైలోకీ, కాలేజీ వెబ్‌సైటులోకీ అనుమతి లేకుండా దూరకూడదు. ఐటీ చట్టం, 2000లోని 66వ సెక్షన్ కింద దురుద్దేశంతో అలా చేసినవారికి మూడేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సరదాకు చేశామా, దురుద్దేశంతో చేశామా అన్నది పోలీసు స్టేషన్‌లో నిరూపించుకునే పరిస్థితి తెచ్చుకోవడం దేనికి?

ప్రశ్న: బీకాం చివరి ఏడాదిలో ఉన్నాను. కోడింగ్ రాదు. ఈ రంగంలో నాకు చోటుందా?
– ఒక విద్యార్థిని, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఉంది. పద్దులు సరిచూసే కన్ను సమాచార భద్రత ఆడిట్‌లోనూ పనికివస్తుంది. సమాచార భద్రతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 27001 గురించీ, 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం గురించీ చదవండి. నెట్‌వర్క్‌ల ప్రాథమికాంశాలు మాత్రం మీరూ నేర్చుకోవలసిందే. ఉద్యోగం మానేసి ఆరు నెలలైన మనిషి లాగిన్ ఇంకా ఎందుకు పనిచేస్తోందని అడగడానికి కోడింగ్ రానక్కరలేదు.