ఎరుపంతా ఒక్క ఎరుపు కాదు

ప్రశ్న: ఈ మధ్య ఒక చిత్రప్రదర్శనకి వెళ్లాను. ఒక పెద్ద కాన్వాస్ నిండా ఎరుపు, కింద సన్నటి బూడిదరంగు పట్టీ. అంతే. పక్కనున్న ఫ్రెండ్ "ఇది మా పాప కూడా వేస్తుంది" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, అలాగని అర్థమూ కాలేదు. లోపం నాలోనే ఉందేమోనని టెన్షన్. ఇలాంటి బొమ్మలో ఏం చూడాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: టెన్షన్ పక్కన పెట్టండి. 'ఇదేంటి?' అని అడిగినంతసేపూ ఆ బొమ్మ నోరు విప్పదు. 'దీన్నెలా వేశారు?' అని అడిగి చూడండి. ముప్ఫయ్యేళ్లుగా రంగులతో కుస్తీ పడుతున్నాను, ఇంతకంటే పనికొచ్చే ప్రశ్న నాకు దొరకలేదు.

అంచుల దగ్గర మొదలుపెట్టండి. బొమ్మ మధ్యలో జాగ్రత్తపడే పెయింటర్ అంచుల్లో దొరికిపోతాడు. ఎరుపు కింద నుంచి పసుపో నీలమో తొంగిచూస్తుండవచ్చు. అమెరికన్ పెయింటర్ మార్క్ రోత్కో పల్చటి రంగుని పొర మీద పొరగా వేసేవాడు. అందుకే ఆయన ఎరుపు లోపల ఎవరో దీపం పెట్టినట్టుంటుంది. తన పెద్ద బొమ్మల్ని పద్దెనిమిది అంగుళాల దూరం నుంచి చూడమనేవాడు. అంటే మూరెడు! మనమేమో పది అడుగుల అవతల నిలబడి ఫొటో తీసుకుని వచ్చేస్తాం.

నేనూ తక్కువ తినలేదు. డచ్ పెయింటర్ మోండ్రియాన్ బొమ్మల్ని అచ్చులో చూసి, స్కేలుతో గీతలు గీసి గడుల్లో రంగు నింపాడనుకునేవాణ్ణి. అసలు బొమ్మ ముందు నిలబడ్డాక సిగ్గేసింది. ఆ తెల్లటి గడుల్లో కుంచె జాడలున్నాయి, ఒక గడిలో అడ్డంగా, ఇంకో గడిలో నిలువుగా. కొన్ని బొమ్మల్లో నల్లగీత కాన్వాస్ చివరిదాకా వెళ్లకుండా కాస్త ముందే ఆగిపోతుంది.

ఇక మీ బూడిదరంగు పట్టీ. అది కాస్త ఆకుపచ్చగా అనిపించిందా? ఒకసారి నేను ఎరుపు పక్కన బూడిద వేస్తే ఆకుపచ్చగా కనిపించింది. కుంచెలో పాత రంగు మిగిలిందనుకుని కడిగి, మళ్లీ కలిపి వేశాను. మళ్లీ అదే! తప్పు కుంచెది కాదు, కంటిది. ఎరుపుని చూస్తూ ఉంటే పక్కనున్న బూడిదకి దాని ఎదురు రంగుని కన్నే పులుముతుంది. కాగితానికి చిన్న కన్నం పెట్టి అందులోంచి బూడిదని మాత్రమే చూడండి, ఆ ఆకుపచ్చ పోతుంది. జోసెఫ్ ఆల్బర్స్ అనే పెయింటర్ 1950 నుంచి 1976లో చనిపోయేదాకా చతురస్రంలో చతురస్రం పెడుతూ వెయ్యికి పైగా బొమ్మలు వేశాడు. రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయన్నదే ఆయన పట్టుదల.

చివరికి పక్కకి వెళ్లి వాలుగా చూడండి. ఎదురుగా నున్నగా ఉన్నది గరుకుగా, గీరినట్టు కనిపించవచ్చు. మన దేశపు పెయింటర్ వి.ఎస్. గాయతొండే రోలర్‌తో, ప్యాలెట్ కత్తితో రంగు పరిచేవాడు. అమెరికన్ పెయింటర్ జాక్సన్ పొలాక్ వేసిన 'నంబర్ 1ఏ, 1948' బొమ్మలో పైన కుడివైపు ఆయన అరచేతి ముద్రలే ఉన్నాయి. రంగు చిమ్మాడంటారు గానీ, చెయ్యి కూడా పెట్టాడు. (మీరు మాత్రం పెట్టకండి.)

ఇంత చూసినా ఏమీ దొరకని బొమ్మలూ ఉంటాయి. అవి నిజంగానే ఖాళీ కావచ్చు, మొహమాటపడకుండా ముందుకెళ్లిపోండి. మీ ఎర్రబొమ్మ ఏ రకమో నేను చెప్పలేను, చూసింది మీరు. ప్రదర్శన ఇంకా నడుస్తుంటే మళ్లీ వెళ్లండి. ఈసారి ఫ్రెండ్ లేకుండా.