తాతగారి అంబాసిడర్‌కు వేరే ఇంజిన్ వేయించవచ్చా?

ప్రశ్న: మా తాతగారు కొన్న 1971 మోడల్ అంబాసిడర్ మార్క్-2 పెట్రోలు కారు మా ఇంట్లో ఉంది. ఆయన గత ఏడాది కాలం చేశారు. ఆర్‌సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది. 1489 సీసీ ఇంజిన్ నలుగురు ఎక్కితే ఎత్తు రోడ్డు మీద లాగడం లేదు. అమెరికాలో హాట్ రాడ్‌ల (ఇంజిన్ బలం పెంచిన పాత కార్ల) మాదిరిగా పైకి పాత బండిగానే ఉంచి, ఇంజిన్ బలం పెంచాలని ఉంది. మా మెకానిక్ రెండు మార్గాలు చెప్పారు. ఒకటి, ఉన్న ఇంజిన్‌కే బోరింగ్ (సిలిండర్ల లోపలి గోడను కోసి వెడల్పు చేయడం), హెడ్ ఫేసింగ్ (సిలిండర్ల పైమూత అడుగును చెక్కి చదును చేయడం) చేయించి, రెండు కార్బొరేటర్లు (గాలి, పెట్రోలు కలిపే పరికరాలు), ఫ్రీ ఫ్లో సైలెన్సర్ (పొగను తక్కువ అడ్డుతో వదిలేది, శబ్దం ఎక్కువ చేసేది) బిగించడం. రెండోది, 1990లలో అంబాసిడర్‌కు వచ్చిన 1817 సీసీ ఇసుజు ఇంజిన్ వేయడం. ‘అంబాసిడర్‌కు వచ్చిన ఇంజినే కాబట్టి తర్వాత ఆర్టీఏలో ఎక్కించవచ్చు’ అని ఆయన అంటున్నారు. చట్టం ఒప్పుకుంటుందా?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: రెండో మార్గాన్ని చట్టం ఒప్పుకోదు. మొదటి మార్గంలో కొంత భాగానికి అభ్యంతరం లేదు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. ఇంజిన్ నంబరు, సీసీ, సిలిండర్ల సంఖ్య, ఇంధనం ఆ వివరాల్లోనివే. ‘మార్పు’ అంటే వాహన మౌలిక లక్షణం మారిపోయేలా దాని నిర్మాణంలో చేసే మార్పు అని అదే సెక్షన్ వివరణ ఇచ్చింది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ వంటి వేరే ఇంధనానికి మార్చే ఆమోదిత కిట్లకు షరతులతో మినహాయింపు ఉంది గానీ, కేవలం వేగం కోసమో బలం కోసమో ఇంజిన్ మార్చుకునేవారికి అటువంటి వెసులుబాటు లేదు. తయారీదారు నిర్దేశానికి భిన్నంగా వాహనాన్ని మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో కేరళకు చెందిన ఆర్టీఓ వర్సెస్ కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

ఇక మీ మెకానిక్ వాదన. పాడైన ఇంజిన్ స్థానంలో అదే తయారీ, అదే రకం ఇంజిన్‌ను ఆర్టీఏ అనుమతితో వేయించుకుని కొత్త నంబరు నమోదు చేయించుకోవడం వేరు. మీ మోడల్‌కు ఎన్నడూ ఇవ్వని, సీసీ, గేర్‌బాక్స్ రెండూ వేరైన ఇంజిన్‌ను, బండి మీద ఒకే పేరున్నంత మాత్రాన, వేయడం వేరు. అనుమతి లేకుండా జరిగిన మార్పును 14 రోజుల్లోగా తెలియజేయాలని 52వ సెక్షన్‌లో ఉన్న మాటను పట్టుకుని ‘ముందు వేద్దాం, తర్వాత ఎక్కిద్దాం’ అనేవారు చాలామంది ఉన్నారు. ఆ నిబంధన సమాచారం ఇమ్మంటుందే తప్ప, నిషిద్ధమైన మార్పును సక్రమం చేయదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ(4) సెక్షన్ కింద ఇటువంటి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. శిక్ష యజమానికే, బిగించిన మెకానిక్ పేరు ఆ ఉపసెక్షన్‌లో లేదు.

మొదటి మార్గం సంగతి. అరిగిన సిలిండర్లకు బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయడం ఈ ఇంజిన్లకు మొదటి నుంచీ జరుగుతున్న రిపేరు. 40 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే ఒక మిల్లీమీటరు పైచిలుకు, బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) పెంచితే 1489 సీసీ దాదాపు 1531 అవుతుంది. కాగితం మీద అది తేడాయే అయినా, తయారీదారు అనుమతించిన ఓవర్‌సైజ్ పరిమితిలో చేసిన పనిని మౌలిక లక్షణం మారిన ‘మార్పు’గా పరిగణించడం సబబు కాదని నా అభిప్రాయం. హెడ్ ఫేసింగ్‌కూ ఇదే వర్తిస్తుంది. వర్క్‌షాపు బిల్లులో ఏ సైజు పిస్టన్లు వేశారో రాయించుకుని దాచండి. రెండు కార్బొరేటర్ల విషయంలో అంత ధీమాగా చెప్పలేను: ఆర్‌సీలో వాటి ఊసు లేకపోయినా, పొగ పరీక్షలో బండి నెగ్గాలి. ఫ్రీ ఫ్లో సైలెన్సర్ మాత్రం వద్దు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను అతిక్రమిస్తే 190(2) సెక్షన్ కింద మొదటి తప్పుకే 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత ఉన్నాయి.

బీమా కోణాన్ని చాలామంది పట్టించుకోరు. చెప్పకుండా చేసిన మార్పు బయటపడితే మీ బండి నష్టపరిహారాన్ని కంపెనీ తిరస్కరించవచ్చు; ఎదుటివారికి చెల్లించిన సొమ్మును మీ నుంచి రాబట్టేందుకూ ప్రయత్నించవచ్చు. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే ఉన్న బండికి ఇంజిన్ బలం మాత్రమే పెంచి, దానివల్ల ఎవరైనా మరణిస్తే, భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యాన్ని నిరూపించడానికి ఆ మార్పే సాక్ష్యమవుతుంది.

మీరు అడగని విషయం ఒకటుంది. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేరిన 81ఎ తదితర నియమాల ప్రకారం, 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు కార్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. మీ కారుకు ఆ వయసు వచ్చింది. అయితే బండి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. ఇసుజు ఇంజిన్ వేయిస్తే ఆ అర్హత పోతుంది. వింటేజ్ బండిని రోజువారీ పనులకు తిప్పడానికి వీల్లేదన్నదీ గమనించండి. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతులకే రోడ్డెక్కాలి. నా మాట అడిగితే, అసలు ఇంజిన్‌కే పూర్తి ఓవర్‌హాలింగ్ చేయించండి.

అన్నిటికంటే ముందు ఆర్‌సీని మీ పేరుకు మార్పించుకోండి. యజమాని మరణాన్ని 30 రోజుల్లో ఆర్టీఏకు తెలిపి, మూడు నెలల్లోగా 31వ నంబరు ఫారంలో దరఖాస్తు చేయాలి. మీకు ఆ గడువు దాటింది కనుక ఆలస్య రుసుము పడవచ్చు. మరణ ధ్రువీకరణ పత్రం, వారసత్వ పత్రం, మిగతా వారసుల నిరభ్యంతర అఫిడవిట్లు సిద్ధం చేసుకోండి. రిజిస్ట్రేషన్ గడువు ముగిసి ఉంటే దాని పునరుద్ధరణకు కూడా అప్పుడే దరఖాస్తు పెట్టండి. ఇవి పూర్తయ్యేవరకు బండిని రోడ్డు మీదికి తీయవద్దు.